కదలనిస్తేనే నిలిచే ఇనుము

కారులో పెట్రోలు మండేది ఇంజన్ లోపల. ఆ మంట దెబ్బ ఏళ్ల తరబడి తినేది మాత్రం ఇంజన్ పక్కన బిగించిన ఒక పోత ఇనుప ముక్క. దాని పేరు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. సిలిండర్ల నుంచి వచ్చే పొగనంతా ఒకచోటికి చేర్చి సైలెన్సర్ పైపులోకి పంపడమే దాని పని. దానికి ఆయిలు అక్కర్లేదు, సర్వీసు అక్కర్లేదు, చూడ్డానికి కదిలే భాగం ఒక్కటీ లేదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. చివరికి ఒక పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద టక్ టక్ టక్ మని మొదలవుతుంది.

కదిలే భాగం లేదన్నది కంటికి కనబడేంత వరకే నిజం. ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ మానిఫోల్డ్ మొత్తంగా సాగుతుంది, చల్లారిన ప్రతిసారీ వెనక్కి వస్తుంది. ఆ కదలిక కొన్ని మిల్లీమీటర్లే. అయితే మానిఫోల్డ్ ఎందుకు పగులుతుంది, దాన్ని ఇంజన్‌కు బిగించే స్టడ్లు ఎందుకు తెగుతాయి, కొత్తది వేసినా ఆర్నెల్లకే మళ్లీ ఎందుకు పొగ చిమ్ముతుంది అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. దాన్ని కదలకుండా బిగించాలనుకున్నవాడు ఓడిపోతాడు. పొగ బయటికి పోకుండా, ఇనుము మాత్రం జరిగేలా బిగించడమే ఇక్కడి విద్య.

ఇది ఊరికే పుస్తకాల్లో చదివి వదిలేసే సంగతి కాదు. బనగానపల్లె, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల ఇప్పటికీ అక్కడక్కడా అంబాసిడర్లు బతికే ఉన్నాయి. ఒకప్పుడు యాగంటికో అహోబిలానికో కుటుంబం మొత్తం కదలాలన్నా, పెళ్లికొడుకును ఊరేగించాలన్నా ఆ బండే దిక్కు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో దాని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అప్పట్నుంచి సామాను దొరకడం కష్టమైపోయింది. పాత బండి ఉన్నవాళ్లు చాలా పనులు ఇంటి వాకిట్లోనే, తెలిసిన మేస్త్రీని పక్కన పెట్టుకుని చేసుకుంటున్నారు. అలా చేసుకోదగ్గ పనుల్లో మానిఫోల్డ్ మార్చడం ఒకటి. పనిముట్లు తక్కువే కావాలి, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి.

మంట బయటికి పోయే దారి

పెట్రోలు మండేటప్పుడు సిలిండర్‌లోని వాయువు క్షణకాలం 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ వాయువు వ్యాకోచించి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. ఆ నెట్టుడులో కొంత వేడి పనిగా మారుతుంది గానీ అంతా మారదు. పెట్రోలులో ఉన్న శక్తిలో దాదాపు మూడోవంతు పొగతోపాటే బయటికి పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే సమయానికి లోపల వాయువు ఇంకా మూడు నాలుగు వాతావరణాల పీడనంతో, ఎర్రని వేడితో ఉంటుంది. వాల్వు తెరవగానే అది ఒక్క ఉదుటున మానిఫోల్డ్‌లోకి దూకుతుంది.

బండి నిలబడి ఐడిల్‌లో తిరుగుతున్నప్పుడు ఆ పొగ వేడి మూడు నాలుగు వందల డిగ్రీలుంటే, నిండా మనుషులతో నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఏడెనిమిది వందలకు పోవచ్చు. మానిఫోల్డ్ ఇనుము అంత వేడెక్కకపోయినా నాలుగైదు వందల డిగ్రీలకు తేలిగ్గా చేరుతుంది. సుమారు 525 డిగ్రీల దగ్గర ఏ ఘనపదార్థమైనా చీకట్లో కంటికి ఎర్రగా కనబడడం మొదలవుతుందని జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త 1847లో చూపించాడు. రాత్రిపూట ఘాట్ ఎక్కి ఆగిన పాత బండి బానెట్ ఎత్తితే మానిఫోల్డ్ మసక ఎరుపులో కనబడడానికి కారణం అదే. డీజిల్ ఇంజన్ అవసరానికి మించిన గాలితో మండిస్తుంది కాబట్టి దాని పొగ సాధారణంగా ఇంత వేడిగా ఉండదు. డీజిల్ అంబాసిడర్‌లో మానిఫోల్డ్ ఎక్కువకాలం మన్నడంలో వింత లేదు.

దశాబ్దాలపాటు అంబాసిడర్‌ను లాగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్ కుటుంబంలోది. ఎంజీబీ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఇంజన్ దీనికి వరసకు తమ్ముడే. ఈ కుటుంబానికి ఒక ప్రత్యేకత ఉంది. గాలి లోపలికి పోయే దారులు, పొగ బయటికి వచ్చే దారులు రెండూ హెడ్‌కు ఒకే పక్కన ఉంటాయి. నాలుగు సిలిండర్లకు నాలుగు ఎగ్జాస్ట్ దారులు ఉండవు, మూడే ఉంటాయి. ఒకటో సిలిండర్‌కు ఒకటి, నాలుగోదానికి ఒకటి, మధ్యలోని రెండు, మూడు సిలిండర్లకు కలిపి ఒకటి. వాటి మధ్య సందుల్లో రెండు ఇన్‌లెట్ దారులు. మధ్య ఎగ్జాస్ట్ దారిలోంచి రెండింతల పొగ పోతుంది కాబట్టి అక్కడి ఇనుము చివరలకన్నా ఎక్కువ కాగుతుంది. ఒకే పోత ముక్కలో ఒకచోట ఎక్కువ వేడి, ఒకచోట తక్కువ వేడి ఉంటే గొడవ ఎక్కడ మొదలవుతుందో ఊహించవచ్చు.

పాత కార్బురేటర్ ఇంజన్లలో ఎగ్జాస్ట్ వేడికి మరో ఉద్యోగం కూడా ఉంది. చల్లని దేశాల్లో పెట్రోలు సరిగా ఆవిరి కాక ఇన్‌లెట్ గోడలకు తడిగా అంటుకుంటుంది. దాన్ని ఆవిరి చేయడానికి ఇన్‌లెట్‌ను ఎగ్జాస్ట్ పక్కనే పెట్టారు. ఇంగ్లండు చలికి పనికొచ్చిన ఆ ఏర్పాటు, ఎండాకాలంలో 43 డిగ్రీలు చూసే బనగానపల్లెలో ఎదురు తిరుగుతుంది. పెట్రోలు పంపులోనూ పైపులోనూ మరిగి ఆవిరై దారికి అడ్డం పడుతుంది. దాన్నే వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేసుకుని ప్రయాణం సాగించిన డ్రైవర్లు మన దగ్గర ఎందరో. ఆ గుడ్డ నీళ్లు కాగుతున్న మానిఫోల్డ్ మీద పడితే ఏమవుతుందో తర్వాతి లెక్క చెబుతుంది.

రెండు మిల్లీమీటర్ల గొడవ

మీటరు పొడవున్న పోత ఇనుప కడ్డీని ఒక్క డిగ్రీ వేడి చేస్తే అది మీటరులో పది లక్షలో వంతులు సుమారు పదకొండు సాగుతుంది. ఇది చాలా చిన్న అంకె. అయితే మానిఫోల్డ్ పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు అనుకుందాం, వేడి 500 డిగ్రీలు పెరిగిందనుకుందాం. గుణిస్తే రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. అది బిగించి ఉన్న సిలిండర్ హెడ్ కూడా పోత ఇనుమే. దాని లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అది వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, సాగేది మిల్లీమీటరులో మూడోవంతు. అంటే ఒకదానికొకటి బిగించి ఉన్న రెండు ముక్కల మధ్య రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా ప్రతి ప్రయాణంలోనూ వస్తుంది, పోతుంది.

ఇది తెలిసే ఇంజనీర్లు మానిఫోల్డ్ రంధ్రాలను స్టడ్లకన్నా పెద్దవిగా చేస్తారు. మధ్య రంధ్రం దగ్గర తక్కువ ఖాళీ, చివర్ల దగ్గర ఎక్కువ. మానిఫోల్డ్ మధ్యలో నిలదొక్కుకుని రెండు పక్కలకూ జారాలన్నది ఉద్దేశం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఖాళీల్లో తుప్పు, మసి, పొట్టు చేరి గట్టిపడతాయి. దానికి తోడు ఎవరో ఒకరు పొగ వస్తోందని నట్లను బలం కొద్దీ బిగిస్తారు. ఇక జారడానికి చోటు ఉండదు.

జారలేని మానిఫోల్డ్ వేడెక్కితే ఏమవుతుంది? సాగాలని ఉంటుంది, సాగనివ్వరు. లోపల సంపీడనం పెరుగుతుంది. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది కాబట్టి అప్పటికప్పుడు పగలదు. ఐదొందల డిగ్రీల వేడిలో మాత్రం మెల్లగా లొంగుతుంది, నొక్కిన మేరకు ఒకింత కుదించుకుపోతుంది. ఇంజన్ ఆపి చల్లారనిస్తే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. కుదించుకుపోయిన ముక్క చల్లారేసరికి మొదటికన్నా పొట్టిదవుతుంది. స్టడ్లు దాన్ని పాత పొడవులోనే పట్టుకుని ఉంటాయి. ఇప్పుడు నొక్కుడు పోయి లాగుడు వచ్చింది. పోత ఇనుముకు చేతకానిది అదే. మానిఫోల్డ్ పగుళ్లు చాలావరకు మంట మీద కాకుండా చల్లారేటప్పుడు పడతాయి. చివరి స్టడ్లే ముందు తెగడానికి కారణం కూడా ఇదే. మధ్య నుంచి పోగైన జరుగుడంతా వాటి మీదే పడుతుంది.

బనగానపల్లె, బేతంచర్ల ప్రాంతంలో పుట్టిపెరిగిన వాళ్లకు ఈ స్వభావం కొత్తది కాదు. ఇక్కడి నాపరాయిని నేల మీద పరిచి పైన ఎంత బరువు మోపినా చలించదు. అదే రాతిని దూలాల మీద కప్పుగా వేయాలంటే దూలాల మధ్య దూరం తగ్గించి వేస్తారు. ఎడం ఎక్కువైతే బండ తన బరువుకే కింది వైపు నుంచి సాగి పుటుక్కున విరుగుతుంది. పోత ఇనుములో మూడు శాతానికి మించిన కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పలచని గ్రాఫైట్ రేకులుగా ఇనుములో దూరి ఉంటుంది. నొక్కినప్పుడు ఆ రేకులు మూసుకుంటాయి, లాగినప్పుడు ఒక్కో రేకు చివర ఒక్కో పగులుకు మొదలవుతుంది. అందుకే పోత ఇనుము నొక్కుడును లాగుడుకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువగా భరిస్తుంది.

తడిగుడ్డ లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. పోత ఇనుముకు భారతీయ ప్రమాణం ఐఎస్ 210. అందులో ఎఫ్‌జీ 200 అనే రకం చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల లాగుడు భరించాలి. కాగిన మానిఫోల్డ్ మీద నీళ్లు పడి పై పొర ఒక్కసారిగా 200 డిగ్రీలు చల్లబడితే, లోపలి వేడి ఇనుము ఆ పొరను కుదించుకోనివ్వదు. అప్పుడు పై పొరలో పుట్టే లాగుడు సుమారు 220 న్యూటన్లు. అంటే రెండు చెంబుల నీళ్లకు దాన్ని పగలగొట్టే పని చేతనవుతుంది. వానాకాలంలో నిండిన వంకను దాటే బండికీ ఇదే ప్రమాదం.

చప్పుడు చదవడం

పాత బండిలో టక్ టక్ మంటే చాలామంది ముందు వాల్వులను తెరిచే ట్యాపెట్ల మీద అనుమానపడతారు. అందులో తప్పులేదు, రెండు చప్పుళ్ల లయా ఒకటే. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒకసారి పొగ వదులుతుంది. ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే చివరి దారి ఒకటి కారే చోట నిమిషానికి 400 చిమ్ముళ్లు, సెకనుకు దాదాపు ఏడు. ట్యాపెట్ కూడా అంతే వేగంతో కొడుతుంది.

తేడా తెలిసేది వేడి దగ్గర. ఎగ్జాస్ట్ కారుడు చల్లని ఇంజన్‌లో గట్టిగా వినిపించి, పది పదిహేను నిమిషాలకు తగ్గుతుంది. ఇనుము సాగి సందును తనంతట తానే మూసుకుంటుంది. ఇంజన్ మీద బరువు పడినప్పుడు, గేరులో ఎక్కుడు ఎక్కేటప్పుడు పెరుగుతుంది. ఒక రబ్బరు గొట్టం కొసను చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ అతుకు వెంబడి తాకకుండా జరుపుకుంటూ పోతే చిమ్ముడు ఎక్కడుందో తెలిసిపోతుంది. బానెట్ కింద టార్చి వేసి చూస్తే అక్కడే నల్లని మసి చార ఉంటుంది. కారుడు ఉన్న చోట ఇనుము తుప్పురంగులో ఉండదు, బొగ్గురంగులో ఉంటుంది.

ఈ మసి ఒక హెచ్చరిక. కార్బురేటర్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొన్ని శాతాల దాకా ఉంటుంది. పాత పెట్రోలు కార్లకు ఐడిల్‌లో మన చట్టం అనుమతించిన పరిమితే 3 శాతం. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టేసుకుంటుంది. సైలెన్సర్ చివర నుంచి పోవాల్సిన పొగ బానెట్ కింద చేరితే, ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్యనున్న మంటగోడలోని పాత రబ్బరు బుష్‌ల సందుల్లోంచి కారు లోపలికి వస్తుంది. అద్దాలు ఎత్తుకుని పోతుంటే తలనొప్పి, మగత వస్తున్నాయంటే మొదట చూడాల్సింది ఇదే. చప్పుడు భరించవచ్చు గానీ పొగ భరించకూడదు.

తుప్పు పట్టిన నట్టు

పనిలో సగం కాలం నట్లు విప్పడానికే పోతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ స్టడ్‌కూ మధ్య మరల సందులో ఆ తుప్పుకు విస్తరించడానికి తావు లేదు, అందుకే అది మేకు దిగ్గొట్టినట్టు రెండింటినీ కరుచుకుంటుంది. దీనికి మందు కాలం, ఆయిలు, వేడి. ముందురోజు సాయంత్రమే ఇంజన్ చల్లారాక ప్రతి నట్టు మీదా పలచని తుప్పు వదిలించే ఆయిలు వేసి వదిలేయాలి. సన్నని సందులోకి ద్రవం తనంతట తాను పాకిపోతుంది. సందు ఎంత సన్నగా ఉంటే అంత లోతుకు పాకుతుంది, కాకపోతే అంత నిదానంగా. రాత్రంతా దానికి ఇవ్వాలి.

పొద్దున్నే ఎండ ఎక్కకముందు పని మొదలుపెట్టడం మేలు. బండిని చదునైన నాపరాళ్ల మీద నిలిపి చక్రాలకు అడ్డం పెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి. పెట్రోలు పైపు విప్పి కొస మూయాలి. ఎయిర్ క్లీనర్, కార్బురేటర్ పక్కన పెట్టి, దారులు గుడ్డలతో మూయాలి. ఒక్క వాషరు లోపల పడితే హెడ్ విప్పాల్సి వస్తుంది. కిందికి దూరి సైలెన్సర్ ముందు పైపు విప్పాల్సి ఉంటుంది కాబట్టి జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కింద పడుకోకూడదు, స్టాండ్లు పెట్టాలి.

పాత అంబాసిడర్ నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. చేతికి దొరికిన 13 స్పానర్ దానికి పట్టినట్టే పడుతుంది. మిల్లీమీటరులో ఆ మూడు పదో వంతుల ఖాళీ చాలు, బిగిసిన నట్టు మూలలు అరిగి గుండ్రమై కూర్చుంటాయి. అసలు కొలత రింగ్ స్పానర్ గానీ ఆరు మూలల బాక్స్ స్పానర్ గానీ తెచ్చుకోకుండా ఈ పనికి దిగకూడదు.

మానిఫోల్డ్‌కు ఇత్తడి నట్లు వాడడం ఒక పాత తెలివి. ఇత్తడి తుప్పు పట్టదు, ఉక్కు స్టడ్‌కు అంటుకోదు, మరీ పట్టేస్తే స్టడ్ కన్నా ముందు తనే పాడవుతుంది. పోయేది చవకైన నట్టే అవుతుంది. ఎవరో ఎప్పుడో ఇనుప నట్లు వేసి ఉంటే మాత్రం వేడి కావాలి. నట్టును మూడొందల డిగ్రీలు వేడి చేస్తే దాని రంధ్రం మిల్లీమీటరులో మూడు వందో వంతులు పెరుగుతుంది. అది తుప్పు పట్టును చిట్లించడానికి సరిపోతుంది. పెట్రోలు పైపు, కార్బురేటర్, ఆయిలు మరకలు దగ్గర్లో ఉండగా మంట వాడకూడదు. ఆ పని గ్యాసు మంట అలవాటున్న వెల్డింగ్ మేస్త్రీకి వదిలేయాలి.

స్పానర్ పట్టాక ఒకేసారి లాగేయకూడదు. కొంచెం విప్పు, మళ్లీ కొంచెం బిగించు, మళ్లీ విప్పు. తుప్పు పొడి ఎర్రగా బయటికి రాలుతుంది, ఆయిలు లోపలికి పోతుంది. కిర్రుమని చప్పుడొస్తే మంచిదే, మెత్తగా బంకలాగా తిరుగుతుంటే మాత్రం ఆగాలి. అది నట్టు తిరగడం కాదు, స్టడ్ మెలిపడడం. తెగిన స్టడ్‌ను తీయాలంటే సరిగ్గా నడుమ పంచ్ కొట్టి, డ్రిల్ వేసి, మళ్లీ ట్యాప్ కొట్టాలి. రెండు నిమిషాల తొందరకు ఒక పూట పని.

పగులా, వంకరా

మానిఫోల్డ్ చేతికి వచ్చాక ముందు అతుకు మీద మిగిలిన, పొగ కారకుండా మధ్యలో వేసే పాత గ్యాస్కెట్ తీయాలి. పాతకాలం గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ నూగు ఊపిరితిత్తుల్లో దిగితే దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడుతుంది. కాబట్టి ఎండుగా గీకకూడదు, గాలి కొట్టకూడదు. నీళ్లతో తడిపి, తడిగా ఉండగానే గీకి, ఆ ముద్దను కవర్లో కట్టి పారేయాలి. తీసేముందు దాన్ని ఒకసారి చూడడం మాత్రం అవసరం. ఎక్కడ గట్టిగా నొక్కుకుందో అక్కడ మెరుస్తుంది, ఎక్కడ పొగ దాటిందో అక్కడ నల్లగా కాలి ఉంటుంది. మానిఫోల్డ్ ఏ వైపు వంగిందో గ్యాస్కెట్ మీదే ముద్రపడి ఉంటుంది.

పగులు వెతకడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పాతకాలం రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసుల పగుళ్లు పట్టుకున్న పద్ధతి ఒకటుంది, దానికి కిరోసిన్, ముగ్గుపిండి చాలు. మానిఫోల్డ్‌ను బాగా కడిగి ఆరబెట్టి కిరోసిన్ పూసి కాసేపు వదలాలి. పైన తుడిచేసి, మెత్తని ముగ్గుపిండి నీళ్లలో కలిపి పలచగా పూసి ఆరనివ్వాలి. పగుల్లో దాగిన కిరోసిన్ పిండిలోకి పీల్చబడి సన్నని తడి గీతగా తేలుతుంది. కంటికి కనబడని పగులు తెల్లని పూత మీద తనను తానే గీసి చూపిస్తుంది. మధ్య దారి చుట్టూ, కొమ్మలు కలిసే మూలల్లో ముందు చూడాలి.

వంకర చూడడానికి తిన్నని ఉక్కు స్కేలు, ఫీలర్ గేజ్ కావాలి. స్కేలును మూడు అతుకుల మీదుగా నిలిపి, కింద 0.15 మిల్లీమీటరు రేకు ఎక్కడైనా దూరుతుంటే గ్యాస్కెట్ దాన్ని పూడ్చలేదని అర్థం. అప్పుడు లేత్ షాపులో ముఖం సాపు చేయించాలి. బి-సిరీస్‌లో ఇక్కడొక మెలిక ఉంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటి చెవులనూ కలిపి ఒకే స్టడ్, ఒకే మందపాటి పెద్ద వాషరు నొక్కుతాయి. ఎగ్జాస్ట్ ముఖాన్ని మాత్రమే సాపు చేయిస్తే దాని చెవి పలచబడుతుంది, వాషరు ఒకవైపు వాలుతుంది. బలమంతా ఇన్‌లెట్ మీద పడి ఎగ్జాస్ట్ వదులుగా ఉంటుంది. కొత్త గ్యాస్కెట్ వేసినా చప్పుడు పోలేదనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. రెండు చెవుల మందం సమంగా ఉండేలా చూసుకోవాలి.

పగిలినదాన్ని వెల్డింగ్ చేయవచ్చా? చేయవచ్చు గానీ మామూలు రాడ్డుతో కాదు. వెల్డింగ్ దగ్గర కరిగి గబుక్కున చల్లారిన పోత ఇనుములో కార్బన్ గ్రాఫైట్‌గా విడిపోవడానికి వ్యవధి ఉండదు. గాజులా పెళుసైన తెల్ల ఇనుముగా గట్టిపడుతుంది. అతుకు నిలిచినా దాని పక్కనే మళ్లీ పగులుతుంది. నికెల్ రాడ్డు వాడి, ముక్కను ముందే కాచి, కొద్దికొద్దిగా వేసి, అయ్యాక బూడిదలోనో పొడి ఇసుకలోనో పూడ్చి రాత్రంతా చల్లారనిస్తే కొంతకాలం పనిచేస్తుంది. సరైన పాత మానిఫోల్డ్ కర్నూలు, నంద్యాల సామాన్ల దుకాణాల్లో దొరికితే అదే మెరుగు. కొనేముందు తీగకు వేలాడదీసి సుత్తితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులుంది.

ఒక్కో స్టడ్ మీద టన్ను

బిగించేముందు రంధ్రాలను శుభ్రం చేయాలి. చివరి రంధ్రాల్లో పేరుకున్న పొట్టును గుండ్రటి ఆకురాయితో గీకి, స్టడ్ చుట్టూ ఖాళీ కనబడేదాకా తెరవాలి. ఇది చూడ్డానికి చిన్న పని. మొత్తం రిపేరులో ఎక్కువకాలం మన్నేది ఇదే. గ్యాస్కెట్‌కు మానిఫోల్డ్ తగిలే వైపు పలచగా గ్రాఫైట్ పొడి రుద్దితే ఇనుము దాని మీద జారుతుంది. సిలికాన్ గమ్ములు పూయకూడదు. మామూలు రకాలు మూడొందల డిగ్రీలకే మాడిపోతాయి, మాడిన చోట సందు మిగులుతుంది.

ఈ కుటుంబపు ఇంజన్లలో మానిఫోల్డ్ నట్లకు చెప్పే బిగింపు సుమారు 20 న్యూటన్ మీటర్లు. 20 సెంటీమీటర్ల స్పానర్ కొసన పది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది అంత. చేతికి అది ఏమీ కాదనిపిస్తుంది. మరలు ఆ బలాన్ని పెంచే తీరు చూస్తే అభిప్రాయం మారుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్ మీద 20 న్యూటన్ మీటర్లు వేస్తే అది దాదాపు 12,500 న్యూటన్లతో, అంటే టన్నుకు పైగా బరువుతో మానిఫోల్డ్‌ను నొక్కుతుంది. ఈ లెక్క పొడి మరలకు. మరలకు ఆయిలు పూస్తే రాపిడి తగ్గి, అదే చేతిబలానికి నొక్కుడు మూడోవంతుకు పైగా పెరిగిపోతుంది. ఆయిలు పూసిన మరను పొడి మరంత గట్టిగా లాగినవాడు తెలియకుండానే స్టడ్‌ను తెగే దాకా తీసుకుపోతాడు.

మా వీధిలో ఒక కుర్రాడు ఇలాగే నాన్న అంబాసిడర్‌కు మానిఫోల్డ్ బిగిస్తూ, స్పానర్‌కు గొట్టం తొడిగాడు. పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్న పెద్దమేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏం పని అబ్బీ అది? గొట్టం తియ్యి.”

“పొగ రాకుండా ఉండాలి గదన్నా.”

“వచ్చేది రాదు గానీ, రేపు చల్లారినాక స్టడ్డు తెగి చేతికొస్తాది. వాటంగా ఉంటే సాలు. దానికి జరిగేకి సందు ఉండల్ల.”

ఆ మేస్త్రీకి వ్యాకోచ గుణకం అనే మాట తెలిసి ఉండకపోవచ్చు. ఆయన చేతికి మాత్రం ఆ అంకె తెలుసు.

బిగించే వరుసకూ అర్థముంది. ముందు అన్ని నట్లనూ చేత్తో తిప్పి ఆనించాలి. తర్వాత మధ్య నట్టుతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున చివర్లకు పోవాలి. ఒకేసారి పూర్తిగా కాకుండా మూడు విడతల్లో బిగించాలి. చివర్లను ముందు బిగిస్తే మధ్యలో ఉన్న వంకర బయటికి పోవడానికి దారి ఉండదు, గ్యాస్కెట్ మడతపడి నిలుస్తుంది. మధ్యనుంచి పోతే ముఖం పక్కలకు చదునవుతూ సర్దుకుంటుంది. వేడెక్కినప్పుడు మానిఫోల్డ్ సాగేదీ అదే దారిలోనే. సైలెన్సర్ పైపును చివర్లో, దాని బరువు మానిఫోల్డ్ మీద పడకుండా, దాని కొక్కెం సరిగా తగిలించి బిగించాలి. కొక్కెం విరిగి వేలాడే సైలెన్సర్ ప్రతి గుంతలోనూ మానిఫోల్డ్‌ను ఒక లివరులా కిందికి లాగుతుంది.

చల్లారాక మళ్లీ

మొదటి స్టార్ట్ ఆరుబయటే. పూసిన ఆయిలు, చేతి జిడ్డు కాలి కాసేపు తెల్లని పొగ రావడం మామూలే. పదిహేను నిమిషాలు తిప్పి, అతుకుల వెంట రబ్బరు గొట్టంతో మళ్లీ వినాలి. ఇన్‌లెట్ కూడా అదే గ్యాస్కెట్ మీద ఉంది కాబట్టి ఐడిల్ ఎత్తూ పల్లంగా ఊగుతుంటే, గాలి ఆ వైపు నుంచి దూరుతోందని గుర్తు.

పని ఇక్కడితో అయిపోయిందని చాలామంది బానెట్ దించేస్తారు. స్టడ్‌ను ఒక గట్టి స్ప్రింగులా అనుకుంటే ఎందుకు దించకూడదో తెలుస్తుంది. టన్ను బరువు లాగుడుకు మూడు సెంటీమీటర్ల స్టడ్ సాగేది మిల్లీమీటరులో ఐదు వందో వంతులు మాత్రమే. కొత్త గ్యాస్కెట్ మొదటి కొన్నిసార్ల వేడికి నలిగి అంత మందం తగ్గితే చాలు, స్ప్రింగు మొత్తం వదులై నొక్కుడు సున్నా అవుతుంది. నట్టు ఒక్క మర కూడా తిరగకుండానే అతుకు వదులైపోతుంది. అందుకే రెండు మూడు ప్రయాణాలయ్యాక, రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, అదే వరుసలో అదే 20 న్యూటన్ మీటర్లకు మరోసారి చూడాలి. తర్వాత నెల రోజులకు ఇంకోసారి. వేడిమీద మాత్రం బిగించకూడదు. అప్పుడు మానిఫోల్డ్ ఉబ్బి ఉంటుంది, స్పానర్ చెప్పే లెక్క తప్పుతుంది.

మొదటిసారి చూసినప్పుడు నట్లు పావు చుట్టు దాకా తిరగవచ్చు, అది గ్యాస్కెట్ సర్దుకున్న కొలత. రెండోసారి తిరగకపోతే పని కుదిరినట్టే. ఇంకొంచెం బిగిద్దామని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకూడదు. 20 దగ్గర కదలని నట్టుకు ఇక బిగింపు అవసరం లేదు, దాన్ని అలాగే వదిలేసి స్పానర్ డబ్బాలో పెట్టేయాలి.